కలరా లేని ఊళ్లో కలరా సెలవు

ఈమధ్య లేబర్ వెల్ఫేర్ ఆఫీసర్లుగా కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చారు. కరోనా రోజుల్లో జీతంతో సెలవులు, ప్రభుత్వ సాయం, వర్కర్ల గొడవలు, ఇవన్నీ ఎలా సంబాళించాలో మాకెవరూ నేర్పలేదు మేడమ్, మీ కాలంలో ఇలాంటివి వచ్చాయా అని అడిగారు. రాలేదు నాయనా, మా కాలంలో ప్రభుత్వం వారు రోగాలు లేకుండా చూసుకునేవారు అన్నాను. అందులో ఒకమ్మాయి ఆ ముక్క శ్రద్ధగా రాసుకుంది. ఇక లాభం లేదని నేనే కాగితాలు ముందేసుకున్నాను.

ముందే చెప్పేస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరు ఎవర్ని తొక్కి పైకెక్కారు, రిటైరైన రోజున ఏ రంగు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. శాలువా నీలం రంగు. మొదటి ఉతుకుడికే వెలిసిపోయింది. ఆ సంగతి అంతటితో సరి.

ఇసక బకెట్లూ, నేనూ

బెజవాడలో బస్సెక్కితే గంటలోపు చేరే చిన్న పట్టణం. కాలవ గట్టున గోనె సంచుల మిల్లు. ఊరి పేరూ మిల్లు పేరూ రాయను. అక్కడ పనిచేసినవాళ్లకి తెలుసు, మిగతావాళ్లకి అక్కర్లేదు. అంతమంది వర్కర్లున్న చోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలని చట్టం. నిప్పంటుకుంటే చల్లడానికి ఇసక బకెట్లు ఉండి తీరాలన్నదీ చట్టమే. మా మేనేజరు రామభద్రరావు గారు మా ఇద్దరినీ ఒకే చూపుతో చూసేవారు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రోజు బకెట్లకి ఎర్ర రంగు వేయించి, నన్ను మంచి చీర కట్టుకుని రమ్మనేవారు.

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది, ఎదురు నిలబడి పోట్లాడేదాన్ని. ఆయన భయస్తుడు. పైవాళ్లంటే భయం, యూనియన్ అంటే భయం, పిల్లి ఎదురైతే భయం, శనివారం ఇంట్లో నూనె నిండుకుంటే భయం. ఆయన టేబులు అద్దం కింద వరసగా దేవుళ్ల పటాలు, వాటి మధ్యలో ఒక మంత్రి గారి ఫొటో ఉండేవి. దణ్ణం మాత్రం అందరికీ కలిపే పెట్టేవారు.

నేను గుడివాడ దగ్గర ఒక మిషన్ స్కూలు టీచరు గారి అమ్మాయిని, పేరు దయామణి. వర్కర్లలో సగం మంది మా క్రైస్తవులే, మిగతావాళ్లు హిందువులు. కాలవకి ఆ పక్క వరసల్లో వాళ్లు, ఈ పక్క చర్చి చుట్టూ మావాళ్లు కాపురం ఉండేవారు. జీతం మేనేజరు ఇస్తాడు, పని వర్కర్లకి చేయాలి. ఈ ఉద్యోగంలో ఉన్న తిరకాసంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. మీ నియామకపు ఉత్తర్వులో ఇది రాయరు, వెతక్కండి.

చేరిన కొత్తలోనే ఒక పాఠం నేర్చుకున్నాను. ఉత్తరాది నుంచి వచ్చిన సూపర్‌వైజరు ఒకాయన ఉండేవాడు. తెలుగు వచ్చని ఆయన నమ్మకం. ఒక వర్కరు, "ఇంటికి అమ్మవారు వచ్చిందండి, సెలవు కావాల"న్నాడు. అంటే బిడ్డకి ఒళ్లంతా పొక్కులు పోశాయని. సూపర్‌వైజరు అర్జీ మీద ఇలా రాసి పంపాడు: తల్లి చుట్టపుచూపుగా వచ్చినందుకు సెలవు ఇవ్వబడదు. నేను అది పట్టుకుని నవ్వాను. ఆ తర్వాత మరో ఇద్దరు పిల్లలకి అంటుకుందని తెలిసి నవ్వు ఆగిపోయింది. సెలవు రోగాన్ని బట్టి రాదు, రోగానికి మనం పెట్టే పేరుని బట్టి వస్తుందని అప్పుడే అర్థమైంది. అప్పటికి నాకు అర్థమైంది చాలా కొంచెమని ఆ తర్వాత ఏళ్లకి గానీ తెలియలేదు.

పేరు పోగొట్టుకున్న రోగం

మా మిల్లు రూల్సులో అంటురోగ సెలవు అని ఒకటి ఉండేది. ఇంట్లో ఎవరికైనా కలరాగానీ, ప్లేగుగానీ, మశూచిగానీ వస్తే ఆ వర్కరు పనిలోకి రాకూడదు. ఇంటి దగ్గరే ఉండాలి. జీతం ఆగదు, ఉద్యోగం పోదు. చాలా మంచి రూలు. వర్కరుకే రోగం వస్తే మాత్రం ఇది వర్తించదు. రూలు రాసిన పెద్దమనిషి ఊహలో రోగాలు ఇంట్లోవాళ్లకే వస్తాయి, వర్కర్లు ఇనుముతో చేసినవాళ్లు. దీనికి ఊరి ఆరోగ్య అధికారి సర్టిఫికెట్ కావాలి, అందులో రోగం పేరు స్పష్టంగా ఉండాలి.

డెబ్బై ఆరు వేసవి అది. దేశంలో ఎమర్జెన్సీ. ఎక్కువ పని చేయండి, తక్కువ మాట్లాడండి అని మిల్లు గోడల నిండా రాతలు. అనుమతి లేకుండా మూడు రోజులు మానేస్తే పేరు కొట్టేస్తామని మా మేనేజరు గారు కొత్త ఆర్డరు వేశారు. ఇంతకుముందైతే యూనియన్ వాళ్లు గేటు ముందు బైఠాయించేవారు. ఆ యేడు వాళ్లు కూడా గోడల మీది రాతలు చదువుకుంటూ నిశ్శబ్దంగా పనిలోకి పోయేవారు.

వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు గదా. అడుగున మిగిలిన మడుగుల్లోనే గేదెలు, బట్టలు, బిందెలు. జూన్‌లో నీళ్లు వదిలితే పైనున్న ఊళ్ల మురుగంతా ముందు కొట్టుకొస్తుంది. కొత్త నీరొచ్చిందని సంబరంగా ముంచుకుని తాగుతారు. వారం తిరక్కుండా కాలవకి రెండు పక్కలా వాంతులూ బేదులూ మొదలయ్యాయి. ఆ రోజుల్లో పేపర్లు చదివేవాళ్లకి తెలుసు, అప్పటికి పదిహేనేళ్లుగా కొత్త రకం కలరా ఒకటి దేశదేశాలు చుట్టబెడుతోంది. ఎక్కడెక్కడో తన పేరుతోనే తిరిగిన ఆ రోగం మా ఊరి పొలిమేర దాటగానే పేరు పోగొట్టుకుంది.

ఎస్తేరు వచ్చింది

ఎస్తేరు స్పిన్నింగులో పనిచేసేది. మొగుడు సామ్యేలు బెజవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల దగ్గర మూటలు మోసేవాడు. ఆమె ఒక రోజు పొద్దున షిఫ్టు మొదలు కాకముందే నా గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"వద్దమ్మగోరూ, ఇక్కడే ఉంటాను. మా ఆయనకి వాంతులూ బేదులూ. కళ్లు లోపలికి పోయినయ్. కాంపౌండరొచ్చి సూది గుచ్చి సీసా ఎక్కించాడు. అంటురోగాల షెడ్డులో చోటు లేదంట. ఉప్పేసిన గంజి గుక్క గుక్క పట్టిస్తానే ఉండాలి, ఆపితే మడిసి దక్కడని చెప్పాడు."

"పిల్లలో?"

"ఉయ్యూరు మా అక్క కాడికి పంపేశా. ఇంట్లో నేనొక్కదాన్నే. సెలవు రాయించండమ్మా. రాకపోతే పేరు కొట్టేస్తారంట. ఇప్పుడు ఆయన కూలీ కూడా లేదు, నా పనీ పోతే ఇంక మేం బతికేది లేదు."

ఇంతే విషయం. ఆమె ఇంట్లో ఉంటే మొగుడు దక్కుతాడు, ఉద్యోగం పోతుంది. మిల్లుకొస్తే ఉద్యోగం దక్కుతుంది, మొగుడు పోతాడు. పైగా రోగం మిల్లులోకి వస్తుంది. ఇలాంటి చిక్కు కోసమే ఆ రూలు పెట్టారు గనక, చిటికెలో అయ్యే పని అనుకుని నేను ఆరోగ్య అధికారి దగ్గరికి వెళ్లాను.

సర్టిఫికెట్ అడిగాను. ఆయన నాకు కాఫీ తెప్పించారు. ఆఫీసుల్లో అడిగింది ఇవ్వదలుచుకోకపోతే కాఫీ ఇస్తారు, గుర్తుపెట్టుకోండి.

"గ్యాస్ట్రో ఎంటరైటిస్ అని రాసిస్తానండీ మేడమ్."

"అది మా జాబితాలో లేదండీ. కలరా అని రాయండి."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "ఊళ్లో కలరా లేదండీ."

"మీరు బావుల్లో బ్లీచింగ్ పౌడరు వేయిస్తున్నారు గదండీ?"

"ముందు జాగ్రత్త."

"కలరా సూదులు వేయిస్తున్నారు."

"అదీ ముందు జాగ్రత్తేనండీ."

"అంటురోగాల షెడ్డులో జనం పట్టడం లేదంట?"

ఆయన కాసేపు నీళ్లు నమిలారు. ఆ నీళ్లు మరిగించినవే అయి ఉంటాయి. చివరికి గొంతు తగ్గించి, "మేడమ్, మీకు దణ్ణం పెడతాను. కలరా అని రాస్తే పైకి రిపోర్టు పంపాలి. పంపితే ఎందుకు రానిచ్చావని అడుగుతారు. ఈ రోజుల్లో ఎవరు ఎందుకు లోపలికి పోతున్నారో తెలీడం లేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు" అన్నారు.

నాకు ఆయన మీద కోపం రావలసినంత రాలేదు. ఆ మనిషి రాత్రీ పగలూ లేకుండా వైద్యం చేయిస్తున్నాడు, కలరాకి చేయవలసిందంతా చేస్తున్నాడు. ఒక్క కలరా అనడం మాత్రమే మానుకున్నాడు. ఆ ఒక్కటీ లేకపోతే ప్రభుత్వ సాయమేదీ జనానికి అందదని ఆయనకీ తెలుసు.

అక్కణ్ణుంచి తాలూకా ఆఫీసుకి వెళ్లాను. కలరా వస్తే బాధిత కుటుంబాలకి పంచమని ప్రభుత్వం ముందే పంపిన బియ్యం బస్తాలు వరండాలోనే ఉన్నాయి. వాటి మీద కూర్చుని గుమస్తా ఒకాయన టీ తాగుతున్నాడు. బియ్యం ఉన్నాయండీ, బాధితులే లేరు అన్నాడు. తప్పు ఆయనది కాదు. బాధితుడు కావాలంటే సర్టిఫికెట్ ఉండాలి. దానికి బదులు నా చేతిలో ఒక చుట్ట పోస్టర్లు పెట్టాడు. నీళ్లు మరిగించి తాగండి అని వాటి మీద పెద్ద అక్షరాలు. కట్టెలు ఎవరిస్తారో రాయలేదు.

బెజవాడ గవర్నర్‌పేట వెళ్లి మందుల షాపుల్లో తిరిగి సెలైన్ సీసాలు కొనుక్కొచ్చాను. వెల్ఫేర్ ఆఫీసరు చేయగలిగింది అంతవరకే. మేనేజరు గారు ఎస్తేరు అర్జీని పక్కన పెట్టి, "కలరా లేనప్పుడు కలరా సెలవు ఎలా ఇస్తానండీ, ఆడిట్‌లో నన్నే పట్టుకుంటారు" అన్నారు. ఆ మాట అంటూనే గ్లాసులో నీళ్లు వెలుగుకి పట్టి చూసుకున్నారు.

అమ్మవారి సెలవు

ఆ మర్నాడు కాలవ అవతలి వరసల్లో గుమ్మాలకి వేపమండలు కట్టారు. మహమ్మారి వచ్చిందని పెద్దలు కూర్చుని ఊరుకట్టు వేశారు. అంటే కొలుపులు చేసి అమ్మవారిని సాగనంపేదాకా ఆ వరసల వాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. మందూ మాకూ వాళ్ల దగ్గర లేకపోయినా, రోగం ఉన్న మనిషి నలుగురిలో తిరక్కూడదన్న ఇంగితం ఉంది. మా రూల్సు చేయలేని పని వేపమండ చేసింది. మీరిప్పుడు పెద్ద ఇంగ్లీషు మాటతో చెప్పేది అదే.

నాకు ఒక ఆలోచన వచ్చింది. స్థానిక పండగలకి జీతంతో సెలవివ్వచ్చని రూల్సులో ఇంకో చోట ఉంది. దానికి ఏ ఆరోగ్య అధికారీ సంతకం చేయనక్కర్లేదు. మేనేజరు గారి దగ్గరికెళ్లి, అవతలి వరసల వాళ్లు అమ్మవారికి కొలుపులు చేస్తున్నారు, పండగ సెలవివ్వండి అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మీరు క్రిస్టియన్స్ గదండీ మేడమ్?"

"సెలవు కోసం ఎవరి కాళ్లైనా పట్టుకుంటానండీ. కాదంటే మీ ఇష్టం. మహమ్మారి కొలుపులకి మేనేజరు గారు అడ్డుపడ్డారని జనం అనుకుంటారు. ఆవిడ కూడా అనుకుంటుందేమో నాకు తెలీదు."

ఆయన వెంటనే కలం అందుకున్నారు. ఆరోగ్య శాఖ రాయలేని కాగితం ఆయన చేత అమ్మవారు క్షణంలో రాయించింది. పైగా ఆ వారమంతా కరెంటు కోత, మగ్గాలు ఎలాగూ సగం ఆగే ఉన్నాయి. ఆ సంగతి అమ్మవారికి చెప్పలేదు లెండి. అంతా రాసి, సంతకం పెట్టబోతూ ఆయన ఆగారు. ఆగి, కింద ఒక వాక్యం చేర్చారు: ఈ సెలవు హిందూ వర్కర్లకు మాత్రమే.

"మీవాళ్లు అమ్మవారిని కొలవరు గదండీ. కొలవని దేవతకి సెలవెలా ఇస్తాను? న్యాయం ఉండాలి" అన్నారు. ఆయన న్యాయం అనే మాట వాడినప్పుడల్లా నాకు తలనొప్పి వచ్చేది.

అలా కాలవకి ఆ పక్క రోగం సెలవు పుచ్చుకుని ఇంట్లో కూర్చుంది. ఈ పక్క రోగం మాత్రం డ్యూటీకి రావాలి.

రెండు పేర్లు

టైమాఫీసులో హాజరుపట్టీ చూస్తే ఎస్తేరు పేరు కనిపించలేదు. ఆమె ఉన్నది ఎల్లమ్మగా. నాకు ఆశ్చర్యం వేయలేదు. సర్కారు లోన్ల కోసం, ఇళ్ల స్థలాల కోసం మావాళ్లలో చాలామందికి రెండు పేర్లు ఉండేవి. చర్చిలో ఒకటి, కాగితంలో ఒకటి. మతం మారితే కులం పోతుందని ప్రభుత్వం నమ్మింది. ఊళ్లో మాత్రం ఎవరూ నమ్మలేదు. చెరువు దగ్గర పాత పేరే, హోటల్లో పాత గ్లాసే. ఇక లోన్ల దగ్గర మాత్రం కొత్త పేరు ఎందుకని జనం తెలివిగా సర్దుకున్నారు.

చీకటిపడకముందే చర్చి వరసకి వెళ్లాను. సామ్యేలు నులక మంచం మీద చాపలా ఉన్నాడు. పాస్టరు యోహాను గారు ఒక పక్క కూర్చుని విసురుతున్నారు. ఎస్తేరు చెంచాతో గంజి పోస్తోంది, పోసిందాంట్లో సగం బయటికి వస్తోంది. అయినా పోస్తూనే ఉంది.

సంగతి చెప్పాను. "కాగితంలో నువ్వు ఎల్లమ్మవి. ఎల్లమ్మకి పండగ సెలవు ఉంది. నువ్వేం చేయక్కర్లేదు, ఇంట్లో ఉండు చాలు. జీతం వస్తుంది."

ఎస్తేరు చెంచా ఆపింది. "అంటే అమ్మారి పండక్కి సెలవు పెట్టినట్టా అమ్మగోరూ?"

"కాగితంలో."

"పొద్దున్నించీ నేను ఎవుర్ని పిలుస్తున్నానో మీకు తెలీదా? ఈయన్ని నిలబెట్టయ్యా అని యేసయ్య కాళ్ల మీద పడి ఏడుస్తున్నాను. ఇటు ఏడిసి, అటు పోయి నేను ఎల్లమ్మనని చెప్పమంటారా?"

పాస్టరు గారు అడ్డుపడి ఆమెని మెచ్చుకుంటారని అనుకున్నాను. వాక్యం చెప్తారని భయపడ్డాను కూడా. ఆయన విసనకర్ర పక్కన పెట్టి గొంతు సవరించుకున్నారు.

"ఎస్తేరమ్మా, నా పదో తరగతి సర్టిఫికెట్లో నా పేరు వెంకటస్వామి. స్కాలర్‌షిప్పు కోసం మా నాన్న రాయించాడు. ఆ స్కాలర్‌షిప్పుతోనే బైబిలు చదువుకునేదాకా వచ్చాను. దేవుడికి నీ పేరు తెలుసు. మిల్లుకి తెలీకపోతే అది మిల్లు ఖర్మ. సెలవు తీసుకో తల్లీ."

నాకు ఆ మనిషి మీద ఆ క్షణంలో కలిగిన గౌరవం ఈనాటికీ ఉంది. ఎస్తేరుకి మాత్రం కలగలేదు.

"మీరు చదువుకున్నోళ్లయ్యగోరూ, మీకు రెండు పేర్లు మోసే ఓపికుంది. నాకు లేదు. స్థలం కోసం ఎల్లమ్మనన్నాను, స్థలం ఇవ్వలేదు. లోను కోసం అన్నాను, అదీ ఇవ్వలేదు. ఇప్పుడు మొగుడి కోసం అంటే, యేసయ్య ఈయన్ని కూడా నాకు ఇవ్వడేమో. నా మొగుడికొచ్చింది కలరా. నా పేరు ఎస్తేరు. రెండూ అబద్ధమే రాయమంటారేంటి?"

మేమిద్దరం చదువుకున్నవాళ్లం గనక ఆయన మళ్లీ విసనకర్ర అందుకున్నారు, నేను చెప్పులు వేసుకున్నాను. బయటికొచ్చాక నాకు ఏడుపొచ్చింది. రేపు పనిలోకి రాకపోతే మూడో రోజు, పేరు కొట్టేస్తారు. అది ఆమెకీ తెలుసు.

గేటు

మర్నాడు పొద్దున షిఫ్టు సైరన్ మోగేవేళకి గేటు దగ్గర కేకలు వినిపించి పరుగెత్తాను. చర్చి వరస వాళ్లంతా లోపలికి రాకుండా ఒక పక్కకి జరిగి నిలబడ్డారు. మధ్యలో ఎస్తేరు. మొగుడి దగ్గర చెంచా పట్టుకుని పాస్టరు గారు కూర్చున్నారని ఎవరో చెప్పారు. గేటుకి లోపలి వైపు మేనేజరు గారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

"ఏంటి గొడవ?"

"దండాలండి అయ్యగోరూ. నా పేరు ఎస్తేరండి. మా ఇంట్లో కలరా ఉందండి."

ఆ మాట అంత గట్టిగా ఊళ్లో అప్పటికి ఎవరూ అనలేదు. గేటు కాపలావాడు తాళాలు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరు చెప్పారు నీకు కలరా అని? ఊళ్లో కలరా లేదు. గవర్నమెంటే చెప్పింది."

"లేదాండి?"

"లేదు!"

"మీరు చూసే చెప్తున్నారా అండి?"

"చూసేదేముంది, లేదంటే లేదు!"

"అయితే ఇంకేవండి, పన్లో దిగుతాను. మూడో రోజు గదా, రాకపోతే పేరు కొట్టేస్తారంట. ఇప్పటిదాకా ఆయన పక్కబట్టలు ఉతికి ఇట్టాగే వచ్చేశాను. చీర మార్చుకునే టైము కూడా లేదు." అంటూ రెండు చేతులూ ముందుకి చాపి గేటు లోపలికి అడుగుపెట్టింది.

మేనేజరు గారు వెనక్కి అడుగేశారు. ఆమె ఇంకో అడుగు వేసింది. ఆయన ఇంకో రెండు వేశారు. వెనక ఇసక బకెట్లు తగిలి ఒకటి దొర్లిపడింది.

"ఆగు! అక్కడే ఆగు!"

"ఎందుకండీ? లేదుగా?"

నా ఉద్యోగం మొత్తంలో ఇంత మంచి ప్రశ్న నేను వినలేదు. ఆరోగ్య అధికారి ఇద్దరు ఆడపిల్లలూ, తాలూకా ఆఫీసు బస్తాలూ, నేను చదివిన రూల్సూ అన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు నిలబడి నేల చూపులు చూడాల్సిందే. ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి గట్టు వైపు చూస్తోంది. భయపడి కాదు. ఇంటి దగ్గర మొగుడు ఉన్నాడో పోయాడో తెలియక.

"మేడమ్! ఆవిణ్ణి ఇంటికి పంపండి! సెలవు రాయండి, జీతంతోనే రాయండి!" అని ఆయన కేకేశారు.

"ఏమని రాయమంటారండీ? పండగ సెలవా?"

"ఆవిడ చెప్పిందే రాయండి మహాప్రభో!"

అక్కడే గేటు గోడ మీద కాగితం పెట్టి రాశాను. ఎస్తేరు, ఇంట్లో కలరా, అంటురోగ సెలవు. చెయ్యి చాపినంత దూరం నుంచి ఆయన సంతకం గీకారు. ఎస్తేరు దాని వంక చూడను కూడా లేదు. అప్పటికే గట్టు మీద పరుగెడుతోంది. ఆమె వెళ్లగానే జనంలోంచి సుందరమ్మ అని ఇంకొకామె ముందుకొచ్చి, "అయ్యగోరూ, మా ఇంట్లో కూడా లేదండి" అంది. ఆమె వెనక ఇంకొకతను. మధ్యాహ్నానికి చర్చి వరసలో రోగమున్న ప్రతి ఇంటికీ ఆ సెలవే రాశాను.

అంతటితో కథ సుఖాంతం అనుకోకండి. ఆ వరసలో ముగ్గురు పోయారు. అవతలి వరసల్లో ఎందరో నాకు సరిగ్గా తెలియదు. వాళ్లు పోయింది కలరాతో అని ఎక్కడా రాయలేదు, అందువల్ల ఆ కుటుంబాలకి ప్రభుత్వ సాయం అందలేదు. బియ్యం బస్తాలు ఏమయ్యాయో అడిగాను. పురుగు పట్టిందన్నారు. ఏ పురుగో చెప్పలేదు. చచ్చినవాళ్ల పేర్లు నాకు ఇంకా గుర్తున్నాయి, తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతుంది. కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగారు, సెలవు ఎలా ఇప్పించాలని. నేర్పడానికి నా దగ్గర ఒక్కటే ఉంది. కాగితంలో రోగం పేరు ఎవరు రాయడం లేదో, ఎందుకు రాయడం లేదో ముందు చూడండి. మీకు జీతమిచ్చేది ఆ పని చూడటానికే.

ఆ నెల జీతాల రోజున టైమ్ కీపరు కాగితం పట్టుకుని మేనేజరు గారి గదికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"సార్, ఈ ఎస్తేరు అనే వర్కరు మన పట్టీలో లేదండీ. ఊళ్లో కలరా కూడా లేదని ఆరోగ్య శాఖ వాళ్లు రాసిచ్చారు. ఈ జీతం ఇవ్వడానికి లేదు."

మేనేజరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన అంత ధైర్యంగా మాట్లాడగా అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"లేదేంటయ్యా? ఎస్తేరు ఉంది! కలరా ఉంది! నా మీదకి నడిచొచ్చింది, నేను కళ్లారా చూశాను! పేరు మార్చి రాసుకో, జీతం ఇచ్చి పంపించు!"

టైమ్ కీపరు పట్టీలో నేను వేలు పెట్టి చూపించిన చోట ఎల్లమ్మ కొట్టేసి ఎస్తేరు అని రాశాడు. కిటికీ దగ్గర ఆ పేరు పిలిచారు. ఆమె వచ్చి వేలిముద్ర వేసి, జీతం కొంగున ముడేసుకుని గేటు వైపు నడిచింది. గేటు బయట గోడకి ఆనుకుని సామ్యేలు నిలబడి ఉన్నాడు. చొక్కా వేలాడుతోంది, కాళ్లు ఇంకా నిలకడగా లేవు. ఆమె దగ్గరికి రాగానే, "ఇచ్చారా?" అని అడిగాడు.